సైట్లో బండిని వెనక్కి తెప్పించే మనిషికి శిక్షణ ఎలా ఇవ్వాలి

"మా సైట్‌కి రోజూ పది పదిహేను బండ్లు వస్తాయి. చూసుకోవడానికి ఒకతన్ని పెట్టాం. అతనికి ఏం నేర్పాలి?" చిన్న బిల్డర్లు, సైట్ ఇంజనీర్లు, మేస్త్రీలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలాచోట్ల ఖాళీగా ఉన్న వాచ్‌మన్‌నో హెల్పర్‌నో పిలిచి, చేతికి విజిల్ ఇచ్చి "బండి వెనకాల నిలబడి రానీ రానీ అను" అంటారు. ఆ ఒక్క మాటలోనే రెండు తప్పులున్నాయి. అతను బండి వెనకాల నిలబడకూడదు. అతని అసలు పని రానివ్వడం కాదు, ఆపడం. కింద చెప్పే శిక్షణంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

సెల్లార్ తవ్వి, నాలుగైదు అంతస్తులు కట్టే అపార్ట్‌మెంట్ సైట్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. రోడ్డు పనికి, పెద్ద ఫ్యాక్టరీ సైట్‌కి కూడా పద్ధతి ఇదే, కొలతలు పెరుగుతాయి అంతే. రెండు రోజులు కేటాయించండి. మొదటి రోజు ఖాళీ స్థలంలో, రెండో రోజు అసలు సైట్లో. ఈ పని చేసే మనిషిని కొన్నిచోట్ల సిగ్నల్‌మన్ అంటారు, కొన్నిచోట్ల ఫ్లాగ్‌మన్, బ్యాంక్స్‌మన్ అంటారు. ఇక్కడ సిగ్నల్‌మన్ అనే అందాం.

ముందుగా ఎవరిని ఎంచుకోవాలి

18 ఏళ్లు దాటినవాడై, చూపు, వినికిడి బాగుండాలి. కళ్లద్దాలుంటే పనిలో పెట్టుకుని తీరాలి. 20 మీటర్ల దూరంలో లారీ నంబర్ ప్లేటు చదివించండి. వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. ఇవి రెండు నిమిషాల పరీక్షలు. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. పెద్ద గొంతున్న డ్రైవర్నీ, తొందరపెట్టే ఇంజనీర్నీ కాదని బండి ఆపగలిగే మనిషి కావాలి. అందరికీ భయపడే కుర్రాడిని ఈ పనిలో పెడితే అతనికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

"లారీకి క్లీనర్ ఉంటాడు కదా, అతనే చూసుకుంటాడు" అనుకోవద్దు. క్లీనర్‌కి బండి తెలుసు, మీ సైట్ తెలియదు. నిన్న పూడ్చిన గొయ్యి ఎక్కడుందో, సెప్టిక్ ట్యాంకు మీద పలకలు ఎక్కడ పరిచారో మీ మనిషికే తెలుస్తుంది.

ఏమేం కావాలి

- రిఫ్లెక్టివ్ జాకెట్ ఒకటి. ఐఎస్ 15809 మార్కున్నది తీసుకోండి. సైట్లో అందరిదీ పచ్చ జాకెట్ అయితే ఇతనిది నారింజ రంగుది ఉండాలి. అద్దంలో చూసే డ్రైవర్‌కి "నా మనిషి ఇతనే" అని ఒక్క చూపులో తెలియాలి.
- హెల్మెట్, సేఫ్టీ బూట్లు, విజిల్.
- రాత్రి పనికి ఎర్రగా వెలిగే లైటు కర్రలు రెండు, ట్రాఫిక్ పోలీసులు వాడేలాంటివి. ఒకటి చాలదు, ఎందుకో కింద చెప్తాం.
- ట్రాఫిక్ కోన్లు 12, 30 మీటర్ల టేపు, సున్నం లేదా ముగ్గుపిండి 5 కిలోలు.
- చక్రాల కింద పెట్టే చెక్క అడ్డులు 4.
- ఒక పాత చొక్కా, ప్యాంటు, గడ్డి. కట్టే ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మ లాంటిది ఒకటి చేయండి, చివరి పరీక్షకు కావాలి.
- మొదటి పూటకు టాటా ఏస్ గానీ బొలెరో పికప్ గానీ. దాంతోపాటు ఒక టిప్పర్, ఓపికగా ఉండే డ్రైవర్.

1. డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి

చేతి సైగలతో మొదలుపెట్టకండి. ముందు టిప్పర్ ఇంజన్ ఆపించి, తాళం చెవి మీ జేబులో వేసుకుని, నేర్చుకునే మనిషిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. ఇంకొకరు బండి చుట్టూ మెల్లగా నడవాలి. అతని హెల్మెట్ అద్దాల్లో గానీ కిటికీల్లోంచి గానీ కనబడకుండా పోగానే లోపలి మనిషి హారన్ కొట్టాలి. బయటి మనిషి అక్కడ సున్నంతో గీత గీయాలి. చుట్టూ తిరిగేసరికి నేల మీద డ్రైవర్‌కి కనిపించని జాగా మొత్తం తెల్లగా గీసి ఉంటుంది.

దిగి చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. వెనక నేరుగా ఉన్న జాగా మొత్తం గుడ్డి. ఎడమ వైపు, ముఖ్యంగా ముందు ఎడమ మూల దగ్గర నిటారుగా నిలబడ్డ మనిషే కనబడడు, ఇక తట్ట దించడానికి వంగినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. క్యాబిన్ ముందు కూడా మీటరు, మీటరున్నర దాకా నేల కనబడదు. మన బండ్లకు స్టీరింగ్ కుడి వైపు ఉంటుంది కాబట్టి కుడి పక్క కొంత నయం. గల్ఫ్‌లో పనికి వెళ్లేవాళ్లు ఇదంతా తిరగేసుకోవాలి, అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు.

రివర్స్ కెమెరా ఉన్న బండితో కూడా ఈ పని చేయించండి. కెమెరా అద్దం మీద బురద చుక్క పడితే ఎంత కనిపిస్తుందో అప్పుడే చూపించండి.

2. ఎక్కడ నిలబడాలో నేర్పండి

బండి వెనక మూల నుంచి, డ్రైవర్ ఉన్న వైపు, ఏటవాలుగా కనీసం 6 మీటర్ల దూరంలో నిలబడాలి. బండి నడిచే దారి నుంచి పక్కకు కనీసం 2 మీటర్లు ఉండాలి. వెనక గోడ, గుంత, ఇనుప చువ్వల కట్ట లాంటివి ఉండకూడదు. తప్పుకోవాల్సి వస్తే రెండడుగులు వేసే జాగా ఉండాలి.

ఆ చోటు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒకటే గుర్తు: సిగ్నల్‌మన్‌కి అద్దంలో డ్రైవర్ ముఖం కనబడాలి. ముఖం కనబడితే డ్రైవర్‌కీ ఇతను కనబడుతున్నాడని అర్థం. అద్దం మాత్రమే కనబడి ముఖం కనబడకపోతే చోటు మార్చాలి.

చోటు మార్చాలంటే ముందు బండి ఆపాలి. వెనక్కి నడుస్తూ బండిని తెప్పించడం మన సైట్లలో రోజూ కనిపించే దృశ్యం. కాలికింద కంకర రాయి పడితే చాలు, పడిపోయేది బండి దారిలోనే. ఆపు, నడువు, నిలబడు, మళ్లీ మొదలుపెట్టు. ఈ నాలుగూ కోన్ల మధ్య పికప్‌తో ఇరవైసార్లు చేయించండి.

3. డ్రైవర్‌తో ఒప్పందం

బండి గేటు దగ్గర ఆగాక, రివర్స్ వేయకముందే, సిగ్నల్‌మన్ డ్రైవర్ కిటికీ దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు చెప్పాలి. బండి ఎక్కడికి పోవాలి. దారిలో ఏముంది. నేను కనబడకపోతే వెంటనే ఆపాలి. నా చేతులు ఆడటం ఆగిపోయినా ఆపాలి. ఈ చివరి రెండూ డ్రైవర్ నోటితో తిరిగి చెప్పించాలి.

డ్రైవర్లలో బీహార్, జార్ఖండ్, ఒడిశా వాళ్లు ఎక్కువ. "ఆపు" అంటే వాళ్లలో కొందరికి తెలియదు. మాట హిందీలో చెప్పినా, సైగలు మాత్రం సైట్ మొత్తానికి ఒకటే ఉండాలి. గేటు పక్కన బొమ్మలతో బోర్డు పెట్టి, డ్రైవర్‌ని అక్కడికి తీసుకెళ్లి వేలితో చూపిస్తే అరనిమిషంలో పని అయిపోతుంది.

సైట్లో నిషేధించాల్సిన మాట ఒకటుంది: "రైట్". మనకు చిన్నప్పటి నుంచి ఆర్టీసీ బస్సులో "రైట్ రైట్" అంటే పోనీయమని అర్థం. సిగ్నల్‌మన్ కుడి వైపు అనే ఉద్దేశంతో "రైట్" అంటే డ్రైవర్ "పర్వాలేదు, రా" అనుకుంటాడు. బండి బాడీ మీద చేత్తో కొట్టడం కూడా అలాంటిదే. ఒక దెబ్బ అంటే ఒకరికి ఆపమని, ఇంకొకరికి పోనీయమని. పైగా కొట్టాలంటే బండిని ఆనుకుని ఉండాలి. రెండూ మానిపించండి.

4. చేతి సైగలు

1992 నాటి యూరప్ ఆదేశం 92/58లో ఉన్న సైగలే బ్రిటన్‌లో చట్టంలోకి వచ్చాయి. బ్రిటిష్ పద్ధతి నడిచే గల్ఫ్ సైట్లలోనూ వీటినే నేర్పుతారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి అక్కడ ఫ్లాగ్‌మన్‌గా చేసొచ్చినవాళ్లు మీ సైట్లో ఉంటే శిక్షణకు వాళ్ల సాయం తీసుకోండి. నేర్పే వరుస ముఖ్యం, "ఆపు" మొదట రావాలి.

ఆపు: కుడి చేయి నిటారుగా పైకి, అరచేయి డ్రైవర్ వైపు. మోచేయి వంగకూడదు. నడుము దగ్గర చేయి ఊపి ఆపమనడం చెల్లదు.

ప్రమాదం, ఉన్నచోటే ఆపు: రెండు చేతులూ నిటారుగా పైకి, అరచేతులు డ్రైవర్ వైపు. దీనితోపాటు పొడుగ్గా ఒక విజిల్. విజిల్‌ని దీనికి తప్ప ఇంకదేనికీ వాడనివ్వకండి. "రానీ రానీ" అంటూ తాళం వేసినట్టు విజిల్ ఊదుతూ ఉంటే, నిజంగా ఆపాల్సిన క్షణంలో ఆ శబ్దానికి విలువ ఉండదు.

సిద్ధం: రెండు చేతులూ భుజాల ఎత్తున పక్కలకు చాచి, అరచేతులు ముందుకు. "ఇక నన్ను చూడు" అని దీని అర్థం.

నా వైపు రా: మోచేతులు వంచి, అరచేతులు పైకి, ముంజేతులు మెల్లగా ఒంటి వైపు.

నాకు దూరంగా పో: మోచేతులు వంచి, అరచేతులు కిందికి, ముంజేతులు మెల్లగా ఒంటి నుంచి బయటికి.

ఈ రెండింటినీ "ముందుకు, వెనక్కి" అని నేర్పితే గందరగోళమే. బండి వెనక్కి వస్తుంటే సిగ్నల్‌మన్ వైపు వస్తోంది, అతనికి అది ముందుకే వచ్చినట్టు. అందుకే మీ సైట్లో అర్థం సిగ్నల్‌మన్ని బట్టే అని తేల్చి చెప్పండి: నా వైపా, నాకు దూరంగానా.

పక్కకు: ఏ వైపు చేయి భుజం ఎత్తున చాచి, అరచేయి కిందికి ఉంచి చిన్నగా ఆడిస్తే బండి వెనక భాగం ఆ వైపు రావాలి. సిగ్నల్‌మన్ బండి వెనక వైపు ఉన్నప్పుడు అతని కుడి, బండి కుడి ఒకటే. అదే మనిషి బండి ముందుకొచ్చి డ్రైవర్‌కి ఎదురుగా నిలబడితే అతని కుడి డ్రైవర్‌కి ఎడమ. కాబట్టి "స్టీరింగ్ ఎటు తిప్పాలి" అని ఆలోచించనివ్వకండి. బండి ఎటు రావాలో చేయి అటు చూపిస్తే చాలు, స్టీరింగ్ సంగతి డ్రైవర్ చూసుకుంటాడు.

ఇంత దూరం ఉంది: రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, మిగిలిన దూరం తగ్గే కొద్దీ దగ్గరికి తేవాలి.

అయిపోయింది: ఛాతీ ఎత్తున ఒక చేత్తో రెండో చేతిని పట్టుకోవాలి. నమస్కారంలా రెండు అరచేతులూ కలపకూడదు. వచ్చే పోయే పెద్దమనిషికి పెట్టిన దండం డ్రైవర్‌కి "పని అయిపోయింది" అని కనబడుతుంది.

రాత్రి ఇవే సైగలు రెండు లైటు కర్రలతో చేయాలి. ఒకటే కర్ర ఉంటే ఒక చేతితో ఆపడానికీ, రెండు చేతుల ప్రమాద సైగకీ తేడా చీకట్లో తెలియదు. నగరంలో పగటిపూట భారీ బండ్లకు ఆంక్షలుండటంతో స్లాబు కాంక్రీటు చాలాచోట్ల రాత్రిపూటే పడుతుంది. కాబట్టి రాత్రి సాధన తప్పించుకోలేరు. ఫ్లడ్‌లైటు సిగ్నల్‌మన్ వీపు వెనక ఉంటే అతను నల్లటి నీడలా కనిపిస్తాడు, డ్రైవర్ కళ్లలో పడితే అసలే కనిపించడు. పక్క నుంచి పడేలా లైటు తిప్పించండి. సాయంత్రం ఎండ కూడా అంతే, సూర్యుడు సిగ్నల్‌మన్ వెనక ఉంటే చోటు మార్చాల్సిందే.

5. ఆగే దూరం టేపుతో కొలవండి

ఇది మన దగ్గర దాదాపు ఎవరూ చేయించరు. అరగంట పని, తప్పకుండా చేయించండి.

బండి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడకతో వస్తున్నా సెకనుకు 1.4 మీటర్లు కదులుతుంది. డ్రైవర్ సైగ చూసి కాలు బ్రేక్ మీద పెట్టేలోగా ఒక సెకను పోతుంది. బ్రేక్ పట్టడం ఆ తర్వాత. 10 కిలోమీటర్ల వేగమైతే ఆ సెకనులోనే 2.8 మీటర్లు వచ్చేస్తుంది.

నేల మీద సున్నంతో అడ్డగీత గీయండి. వెనక చక్రం గీత మీదికి రాగానే సిగ్నల్‌మన్ "ఆపు" చూపాలి. బండి ఆగాక గీత నుంచి చక్రం దాకా టేపు పెట్టండి. ఖాళీ బండితో మూడుసార్లు, లోడు బండితో మూడుసార్లు. తడి నేల మీద ఇంకోసారి. వచ్చిన కొలతల్లో అన్నిటికంటే పెద్దది తీసుకుని దానికి మీటరు కలపండి. మీ సైట్లో "ఆపు" చూపాల్సిన కనీస దూరం అదే. సిగ్నల్‌మన్ ఆ అంకె నోటికి చెప్పగలగాలి.

లోడు బండిని తేలిగ్గా తీసుకోకండి. కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2.4 టన్నులు. 6 ఘనపు మీటర్ల కాంక్రీటు బండిలో సరుకే 14 టన్నులు దాటుతుంది.

6. దారి ముందే నడిచి చూడటం

రెండో రోజు ఉదయం సైట్లో. బండి రాకముందు దారి మొత్తం కాలినడకన చూసి రావాలి. కింద, పక్కన, పైన, ఈ మూడూ చూడాలి.

కింద: కొత్తగా పూడ్చిన మట్టి, మ్యాన్‌హోల్ మూతలు, నీళ్లు నిలిచిన చోటు. నీళ్లు నిలిచిన గుంత లోతు కర్రతో చూడాలి. గుంత అంచు నుంచి బండిని కనీసం గుంత లోతంత దూరంలో ఉంచాలి. 3 మీటర్ల లోతు సెల్లార్ అయితే 3 మీటర్లు. నల్లరేగడి, వాన నాటి మట్టి అయితే ఇంకా ఎక్కువ, అది ఇంజనీర్ తేల్చాలి. అంచు దగ్గర మట్టికట్ట గానీ గట్టి దిమ్మెలు గానీ వేయించండి, ఎత్తు లారీ చక్రంలో సగానికి తగ్గకూడదు. ఆ కట్ట పొరపాటు జరిగితే కాపాడటానికి మాత్రమే. చక్రం కట్టకు తగిలాకే బండి ఆపడం అలవాటు కానివ్వకండి.

పక్కన: మనుషులు. సైట్లో ఉండే కూలీల పిల్లలు ఇసుక కుప్పల దగ్గరే ఆడుకుంటారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నీడ కోసం ఆగి ఉన్న బండి కిందే తువ్వాలు పరుచుకుని పడుకునేవాళ్లుంటారు. బండి కదిలే ముందు సిగ్నల్‌మన్ మోకాళ్ల మీద వంగి కింద చూడాలి. ఇది రోజుకు పదిసార్లైనా చేయాల్సిందే. నిన్న ఎవరూ లేరు కదా అంటే కుదరదు.

పైన: కరెంటు తీగలు, బాల్కనీ అంచులు, సెంట్రింగ్ కర్రలు. తీగలున్న చోట టిప్పర్ బాడీ ఎత్తనివ్వకూడదు, దింపుకునే చోటు మార్చాలి. తప్పనిసరైతే ముందే విద్యుత్ శాఖతో మాట్లాడి సరఫరా ఆపించాలి.

బండికి తీగ తగిలితే ఏం చేయాలో విడిగా నేర్పండి, ఇక్కడ మనసు చెప్పేది చేస్తే ప్రాణం పోతుంది. సిగ్నల్‌మన్ బండిని ముట్టుకోకూడదు, డ్రైవర్‌ని లాగడానికి పోకూడదు. అందరినీ కనీసం 10 మీటర్లు దూరం జరపాలి. డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చోవాలి. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి సరఫరా పోయిందని వాళ్లు చెప్పేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. మంటలు లేచి డ్రైవర్ దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, కాళ్లు ఎడం చేయకుండా చిన్న గెంతులతో దూరం పోవాలి.

7. బండిని బట్టి జాగ్రత్తలు

టిప్పర్: దింపేటప్పుడు నేల సమంగా ఉండాలి. ఒక పక్క చక్రం మెత్తటి మట్టిలో దిగినా, పైకి లేచిన బాడీ ఆ పక్కకు ఒరుగుతుంది. బండి పొడవంత దూరం రెండు పక్కలా మనుషుల్ని ఖాళీ చేయించాలి. తడి మట్టి బాడీకి అతుక్కుని దిగకపోతే డ్రైవర్ బండిని ముందుకూ వెనక్కూ కుదుపుతాడు, అప్పుడే పల్టీ కొట్టేది. ఆపించి, బాడీ దింపించి, వేరే మార్గం చూడాలి. సరుకు దింపాక బాడీ పూర్తిగా కిందికి కూర్చునేదాకా కదలనివ్వకూడదు. ఎత్తిన బాడీతోనే గేటు దాకా వెళ్లి తీగలు తెంపే బండ్లున్నాయి.

కాంక్రీటు బండి: ప్రమాదం దారిలో కంటే చివరి రెండు మీటర్లలో ఉంటుంది. వెనక పంపు హాపర్, అంటే కాంక్రీటు పోసే తొట్టి ఉంటుంది, దాని పక్కన పంపు మనిషి, వైబ్రేటర్ కుర్రాడు, చూట్ (కాంక్రీటు జారే రేకు) పట్టుకోవడానికి ఇంకొకరు. బండి వెనక భాగానికీ హాపర్‌కీ మధ్య ఎవరూ ఉండకూడదు. చూట్ సర్దడం, హాపర్‌లో గట్టిపడ్డది గీకడం అన్నీ బండి ఆగి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, సిగ్నల్‌మన్ "అయిపోయింది" చూపించాకే. హాపర్ ముందు గట్టి దుంగ అడ్డంగా పెడితే చక్రం అక్కడ ఆగుతుంది.

సెల్లార్ ర్యాంప్: ఒకసారికి ఒకే బండి. బండి ర్యాంప్ మీద ఉండగా సిగ్నల్‌మన్ సహా ఒక్కరూ ర్యాంప్ మీద ఉండకూడదు. లోడుతో ఎక్కే బండి మధ్యలో ఆగి వెనక్కి జారితే, వెనకున్న మనిషి బండికీ గోడకూ మధ్య నలిగిపోతాడు. పైన ఒకరు, కింద ఒకరు కావాలి, ఇద్దరూ వాకీటాకీలో మాట్లాడుకోవాలి, డ్రైవర్‌కి సైగ చేసేది మాత్రం ఒక్కరే. వాకీటాకీ బటన్ నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడటం నేర్పండి. నొక్కుతూనే మాట్లాడితే మొదటి అక్షరం ఎగిరిపోతుంది. "ఆపు" కాస్తా "పు" అవుతుంది, "ఆపకు"లో అవతలివాడికి వినిపించేది "పకు" ముక్కే. వాకీటాకీలో "స్టాప్, స్టాప్, స్టాప్" అని మూడుసార్లు చెప్పడం మేలు.

జేసీబీ, ప్రొక్లెయిన్: వీటి ప్రమాదం తిరిగే వెనక భాగంతో. అది తిరిగే వలయం చుట్టూ కోన్లు పెట్టాలి. ఆపరేటర్‌తో మాట్లాడాలంటే ముందు అతను బకెట్ నేలకు ఆనించి, లివర్ల మీద నుంచి చేతులు తీయాలి.

హైడ్రా, క్రేన్: బరువు ఎత్తించే సైగలు వేరు, వాటికి శిక్షణ వేరు. మీ సిగ్నల్‌మన్ చేత ఆ పని చేయించకండి.

గేటు బయట రోడ్డు: బండి బయటికి పోయేటప్పుడు సిగ్నల్‌మన్ రోడ్డు మధ్యకు దూకి చేయి అడ్డం పెట్టకూడదు. ట్రాఫిక్‌ని ఆపే అధికారం అతనికి లేదు, బైకులు ఆగవు కూడా. బండిని గేటు లోపలే ఉంచి, రోడ్డు ఖాళీ అయ్యాక వదలాలి. వీలైనంత వరకు బండి లోపలే తిరిగి ముందు భాగంతో బయటికి వచ్చేలా జాగా చూసుకోండి. రోడ్డు మీదే పని ఉంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఐఆర్‌సీ:ఎస్‌పీ:55 చెప్పినట్టు బోర్డులు, బారికేడ్లు పెట్టి, ట్రాఫిక్ పోలీసుల అనుమతి తీసుకోవాలి.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికంటే ఎక్కువగా చూసేది: చేయి ఒక పక్క "రా, రా" అని ఊగుతూనే ఉంటుంది, చూపు మాత్రం ఫోన్ మీదో, పిలిచిన మేస్త్రీ మీదో ఉంటుంది. డ్రైవర్‌కి ఊగే చేయి కనబడుతోంది కాబట్టి వస్తూనే ఉంటాడు. పక్కకు చూడాల్సి వస్తే ముందు చేయి పైకి, బండి ఆగాక చూపు పక్కకు. డ్యూటీలో ఫోన్ సూపర్‌వైజర్ దగ్గర ఉండాలి.

రెండోది, ముందు ఎడమ మూలను మర్చిపోవడం. వెనక్కి వస్తూ బండి వెనక భాగం కుడికి తిరిగితే ముందు భాగం ఎడమకు ఊడ్చుకుంటూ పోతుంది. సిగ్నల్‌మన్ కుడి వెనక మూల దగ్గర ఉంటాడు, డ్రైవర్‌కి ఆ మూల ఎలాగూ కనబడదు. అంటే ఆ మూలను ఎవరూ చూడటం లేదు. మలుపు ఇరుకైతే అక్కడ రెండో మనిషిని పెట్టండి. అతను సైగ డ్రైవర్‌కి కాదు, మొదటి సిగ్నల్‌మన్‌కి చేయాలి. రెండో మనిషి లేకపోతే మలుపు మధ్యలో ఒకసారి ఆపి, నడిచి వెళ్లి చూసి రావాలి.

ఇద్దరు ముగ్గురు కలిసి అరవడం ఇంకొకటి. సాయం చేద్దామనే అరుస్తారు, డ్రైవర్‌కి మాత్రం ఎవరి మాట వినాలో తెలియదు. ఒక బండికి ఒక్కరే సిగ్నల్‌మన్. ఒక్క "ఆపు" మాత్రం సైట్లో ఎవరు చెప్పినా, చిన్న కూలీ చెప్పినా, డ్రైవర్ ఆపాలి.

ఇక తొందర. "రానీవయ్యా, కాంక్రీటు గట్టిపడుతోంది" అని ఇంజనీరే అరిచే సందర్భం వస్తుంది. ఆ రోజు సిగ్నల్‌మన్ బండి ఆపితే నలుగురి ముందు అతన్ని తిట్టకండి. ఒక్కసారి తిట్టారంటే ఇక ఎన్నటికీ ఆపడు.

నేర్చుకున్నాడో లేదో ఎలా చూడాలి

నోటితో అడిగే ప్రశ్నలు ఐదు నిమిషాలు చాలు. బండితో పెట్టే పరీక్షలే అసలైనవి. ఈ మూడూ డ్రైవర్‌కి ముందే చెప్పి, లోడు లేని బండితో, నడక వేగంలోనే చేయాలి.

మొదటిది దిష్టిబొమ్మ పరీక్ష. బొమ్మకు పొడవాటి తాడు కట్టి ఇసుక కుప్ప చాటున పెట్టండి. బండి వెనక్కి వస్తుండగా దూరం నుంచి తాడు లాగి బొమ్మను దారిలోకి తేవాలి. చక్రం బొమ్మకు మీరు కొలిచిన కనీస దూరంలోకి వచ్చేలోగా బండి ఆగాలి. మూడుసార్లకు మూడుసార్లూ ఆగాలి, రెండుసార్లు చాలదు. మనిషిని అడ్డం పంపి ఈ పరీక్ష చేయకండి, ఎంత జాగ్రత్తపరులైనా సరే.

రెండోది పిలుపు పరీక్ష. బండి కదులుతుండగా వెనక నుంచి ఇంజనీర్ గట్టిగా పేరు పెట్టి పిలవాలి. తల తిప్పకముందు చేయి పైకి లేచిందా? లేవకపోతే తప్పినట్టే.

మూడోది డ్రైవర్‌కి. సిగ్నల్‌మన్ ఏ సైగా చేయకుండా పక్కకు తప్పుకుని అద్దంలోంచి మాయమవ్వాలి. బండి వెంటనే ఆగకపోతే తప్పు సిగ్నల్‌మన్‌ది కాదు, 3వ అడుగులో ఒప్పందం సరిగా జరగలేదని. ఆ డ్రైవర్‌కి మళ్లీ చెప్పండి.

మూడూ దాటాక కూడా మొదటి వారం ఒంటరిగా వదలకండి. మీరు గానీ అనుభవమున్న సిగ్నల్‌మన్ గానీ పక్కన నిలబడి రోజుకు ఐదు బండ్లు చూడండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: బండి కింద చూశాడా, డ్రైవర్‌తో మాట్లాడాడా, నిలబడ్డ చోటు సరైనదేనా, నడుస్తూ సైగ చేశాడా. మొదటి మూడింట్లో ఎక్కడైనా "లేదు", చివరిదాంట్లో ఎక్కడైనా "అవును" పడితే, ఆ అడుగు వరకు మళ్లీ ఖాళీ స్థలంలో చేయించండి.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఒకే మనిషిని వరసగా రెండు గంటల సేపటికి మించి నిలబెట్టకండి. మార్చడానికి రెండో మనిషి కావాలంటే శిక్షణ కూడా ఇద్దరికీ ఒకేసారి ఇవ్వాలి. సైట్లో దారి మారినప్పుడు, కొత్త గుంత తవ్వినప్పుడు, ఇంతకుముందు రాని రకం బండి వచ్చినప్పుడు పైన చెప్పిన 5వ, 6వ అడుగులు మళ్లీ చేయించాలి. త్రుటిలో తప్పిన సంఘటన జరిగితే అదే రోజు, అదే చోట, అదే బండితో ఎక్కడ నిలబడి ఉంటే ముందే కనిపించేదో నడిచి చూడండి. చాలాసార్లు తేడా రెండు మూడడుగులే ఉంటుంది. ఆ చోట నేల మీద సున్నంతో గుర్తు పెట్టి, మర్నాటి నుంచి సిగ్నల్‌మన్‌ని అక్కడే నిలబెట్టండి.